నీటికి ఎదురు

లారీ అంటే నాకు ఒళ్ళు మంట. ఆ మాట అనే హక్కు నాకు లేదని నాకూ తెలుసు. భీమవరం శివారులో ఒక ఐసు ఫ్యాక్టరీకి నేను మేనేజరుని. పాతికేళ్ళుగా నేను చేస్తున్నదల్లా రొయ్యల లోడు కోసం వచ్చిన లారీల్లోకి ఐసు కొట్టించి రోడ్డు మీదికి తోలడమే. అలాంటి లారీ ఒకటి, నేను నింపిందో మరొకరు నింపిందో గాని, ఒకరోజు పొద్దున్నే సైకిలు మీద బడికి వెళ్తున్న మా ఆవిడని రాసుకుంటూ పోయింది. మోచెయ్యి చీరుకుపోయింది. సైకిలు ముందు చక్రం వంకర తిరిగింది. ఆ సాయంత్రం బైపాస్ పక్కన నిలబడి వచ్చేపోయే ప్రతి లారీనీ నోరారా తిట్టాను. మర్నాడు డ్యూటీకి వెళ్ళి మళ్ళీ లారీలు నింపాను.

మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. సైకిలు మానెయ్యమంటే మానే మనిషి కాదు. "మార్చాల్సింది రోడ్డండీ, సైకిలు కాదు" అంది కట్టు కట్టించుకుంటూ. అప్పుడు పట్టింది నాకు ఈ దారుల పిచ్చి. లారీ దూరలేని దారులు వెతకడం మొదలుపెట్టాను. మా వైపు వాటికి కొదవ లేదు. ప్రతి కాలవకీ ఒక గట్టు, చాలా గట్ల మీద ఎర్ర గ్రావెలు. అక్కడ ఎదురుపడితే బాతుల మంద ఎదురుపడాలి, లేకపోతే గడ్డిమోపు కట్టుకున్న మోపెడ్ ఎదురుపడాలి. రెండేళ్ళు తిరిగి, ఉండి ఊరి నుంచి నిడదవోలు దాకా తారు రోడ్డు దాటడమే తప్ప దాని మీద తొక్కే పని లేని దారి ఒకటి కుదిర్చాను. ఇద్దరం వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిళ్ళు కొనుక్కున్నాం. ఆదివారం పొద్దున్న ఆవిడ ముందు, నేను వెనక. ఆ రోజుల్లో మేం చాలా సుఖంగా ఉన్నాం.

నాలాంటి నడివయసు పిచ్చివాళ్ళు ఓ నలభై మంది వాట్సాప్ గ్రూపులో పోగయ్యారు. డాక్టర్లు, చేపల చెరువుల ఆసాములు, ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్లు. ఆదివారం ఎటు తొక్కాలో వాళ్ళకి చెప్పేది నేను. "గురువుగారు గీసిన రూటండీ, లారీ చప్పుడు కూడా వినపడదు" అని చెప్పుకునేవారు. ఫ్యాక్టరీలో నన్ను ఏనాడూ ఎవరూ గురువుగారు అనలేదు. ఆ పిలుపు నా తలకెక్కింది. ఎంత ఎక్కిందో అప్పుడు తెలియలేదు.

గట్ల మీద దారి తప్పడం మహా తేలిక. అన్ని కాలవలూ ఒకలాగే ఉంటాయి, అన్ని తూములూ ఒకలాగే ఉంటాయి, గుర్తు పెట్టుకుందామంటే ఒక మిట్టయినా ఉండదు. దానికి నా దగ్గర మందుంది. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా కాపలా కాయడం ఆయన పని. చిన్నప్పుడు ఆయన వెంట గట్లన్నీ తిరిగేవాణ్ణి. "తప్పిపోతే ఏడుస్తూ కూచోకురా. నీటికి ఎదురు నడువు. నేనూ ఎదురే వస్తాను" అనేవాడు. ఎందుకంటే మా దగ్గర నీరు కిందికి పోయినకొద్దీ విడిపోతుంది. ఆనకట్ట దగ్గర బయల్దేరిన ఒక్క పెద్ద కాలవ చీలి కాలవలవుతుంది, అవి చీలి పిల్ల కాలవలవుతాయి, అవి చీలి బోదెలవుతాయి, చివరికి ఎవరి చేలోనో మడమ లోతు నీళ్ళై ఆగిపోతాయి. కిందికి పోతే వంద దారులు. పైకి వస్తే అన్నీ ఒకే చోటికి వస్తాయి. తప్పిపోయిన ఇద్దరూ నీటికి ఎదురు నడిస్తే ఏదో ఒక లాకు దగ్గర, అంటే కాలవ చీలే చోట, కలిసి తీరాలి.

ఒక జనవరిలో మంచు కమ్మేసి మేమిద్దరం నిజంగానే విడిపోయాం. ఫోన్లు ఇంట్లో మర్చిపోయాం. ఎవరికి వాళ్ళం ఎదురు తొక్కాం. నేను లాకుల దగ్గరకి చేరేసరికి ఆవిడ అప్పటికే రెండు టీలు చెప్పి కూచుని ఉంది. "మావయ్యగారి సూత్రం పనిచేసిందండీ. నిరూపించాను కూడా" అని చేతిలో ఉన్న బిస్కెట్ కాగితం వెనక కాలవలన్నీ కొమ్మలు కొమ్మలుగా గీసి చూపించింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదొక శాసనం. సంతలో విడిపోయినా "నీటికి ఎదురు రండి" అని నన్ను ఆట పట్టించేది.

గ్రూపులో కొందరికి ఎప్పటికైనా హిమాలయాల్లో గ్రావెల్ దారుల మీద తొక్కాలని కోరిక. బల్లపరుపు నేల మీద పుట్టి పెరిగిన వాళ్ళం, ముందు మన కొండల్లో కాళ్ళు గట్టిపడాలి కదా అన్నారు. "గురువుగారూ, ఏజెన్సీ కొండల్లో లారీ లేని దారి ఒకటి చూడండి" అన్నారు. చూడనా మరి! నెల రోజులు ఫోన్లో ఉపగ్రహం బొమ్మలు పెద్దవి చేసి చేసి చూశాను. మారేడుమిల్లి దాటాక ఘాటీ రోడ్డు వదిలి పక్కకి ఎక్కితే ఒక ఊరు. ఆ ఊరి నుంచి కొండల మీదికి సన్నటి తెల్ల గీత. ఆ గీత అక్కడక్కడా అడవిలో మాయమవుతూ, అవతలి కొండ మీద ఇంకో ఊరి దగ్గర తేలుతోంది. దసరా సెలవుల్లో ఇద్దరం కారు వెనక సైకిళ్ళు కట్టుకుని బయల్దేరాం. కోరుకొండ దగ్గర ఆవిడ కారులోంచే స్వామికి దణ్ణం పెట్టింది. ఆ కొండని చూసి, కొండంటే ఇంతే కదా, మెట్లెక్కినట్టు ఎక్కెయ్యడమే కదా అనుకున్నాను.

ఆ ఊరు ఇరవై ఇళ్ళ కొండరెడ్ల ఊరు. ఒక పెద్దావిడ తన వాకిట్లో కారు పెట్టుకోనిచ్చింది. మా సైకిళ్ళ టైర్లు నొక్కి చూసి, "మబ్బు దిగితే పక్క మనిషి కనపడడు బాబూ. మజ్జానానికల్లా వచ్చెయ్యండి" అంది. సరేనన్నాను. నేను చాలామందికి సరేనంటూ ఉంటాను.

ఆ దారి మాత్రం నా ఊహకి మించింది. ఎర్ర గులక, పక్కన వెదురు, మధ్యమధ్య చల్లటి వాగులు. గంటన్నర తొక్కినా ఒక్క ఇంజను చప్పుడు లేదు. మా ఆవిడ రొప్పుతూ కూడా పాటేదో కూనిరాగం తీస్తోంది. నేను గ్రూపులో పెట్టబోయే మెసేజి మనసులో రాసుకుంటున్నాను. మెలికలు తిరుగుతూ ఎనిమిది కిలోమీటర్లు ఎక్కాక ఒక మలుపులో దారి సన్నబడి పశువుల బాటగా మారింది. ఆకాశం మా మీదికి దిగుతున్నట్టు కొండ కొస కనపడకుండా పోయింది. ఆవిడ సైకిలు దిగింది.

"మబ్బు వచ్చేస్తోందండీ. ఇవాళ్టికి చాలు, దిగిపోదాం."

"ఇంకో నాలుగు కిలోమీటర్లు. అవతలి ఊరు తగిలితే వెళ్ళిన దారిన తిరిగి రానక్కర్లేదు. చుట్టు తిరిగి వచ్చెయ్యొచ్చు."

"మళ్ళీ వద్దాం. నా కాళ్ళు వణుకుతున్నాయి."

"మళ్ళీ మళ్ళీ రావడానికి నాకేమైనా నీలా సెలవులున్నాయా? నీతో వస్తే ఇంతే. ఏదీ చివరిదాకా రానివ్వవు."

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది. ఆవిడ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూచుంది. ఆవిడ మాట్లాడకపోతే నాకు ఇంకా మండుతుంది. "ఇక్కడే కూచో. అరగంటలో చూసొస్తాను" అన్నాను. సైకిలెక్కాక ఉక్రోషం ఆగక వెనక్కి తిరిగి, "తప్పిపోతే తెలుసుగా, నీటికి ఎదురు రా" అని వెటకారంగా అన్నాను.

"తెలుసులెండి" అంది.

అవతలి ఊరు లేదు. అంటే ఉంది, దారే లేదు. ఫోన్లో నేను నెల రోజులు మురిసిపోయిన తెల్ల గీత, పోడు సాగు కోసం కాల్చిన నేల అంచు. అక్కడ సైకిలు పట్టుకుని నిలబడి నన్ను నేను నానా మాటలూ అనుకున్నాను. వెనక్కి తిరిగేసరికి మబ్బు దిగిపోయింది. నిజంగానే ముందు చక్రం కూడా సరిగా కనపడటం లేదు. రాయి తగిలి ట్యూబు పేలింది. కొంకర్లు పోతున్న చేతులతో అది మార్చి, సైకిలు నడిపించుకుంటూ, అరగంట అన్నవాణ్ణి గంటా ముప్పావుకి వచ్చాను. రాయి ఉంది. ఆవిడ లేదు.

ముందు కోపం వచ్చింది. అలిగి కిందికి దిగిపోయిందనుకున్నాను. ఫోన్లకి సిగ్నల్ కింద ఊళ్ళోనే పోయింది. పిలిచాను. మళ్ళీ పిలిచాను. మూడోసారి నా గొంతు నాకే కొత్తగా వినపడింది. నేల చూశాను. ఆవిడ టైరు అచ్చు కిందికి పోలేదు. నేను వెళ్ళిన వైపే వచ్చింది. నా కోసమే వచ్చింది. కొంత దూరం వచ్చాక ఆ అచ్చు నేను వెళ్ళిన బాటలో కాకుండా పక్కనున్న ఇంకో పశువుల బాటలోకి తిరిగింది. ఆ బాట వెంట పరిగెత్తాను. అది ఒక వాగు దగ్గర ఆగిపోయింది. వాగు ఒడ్డున చెట్టుకి ఆనించి ఆవిడ సైకిలు, హాండిలుకి తగిలించిన హెల్మెట్టు. తొందరలో కూడా పద్ధతిగా పెట్టి వెళ్ళింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. దారి తప్పిందని తెలుసుకుంది, నీరు కనపడింది, మాట ప్రకారం ఎదురు వెళ్ళింది, ఇంకేముంది పైన కలుస్తుంది అనుకున్నాను. నా సైకిలు కూడా అక్కడే పడేసి వాగులో రాళ్ళ మీద ఎక్కడం మొదలుపెట్టాను.

ఓ రెండు వందల గజాలు ఎక్కాక వాగు రెండయింది. ఎడమ పాయలో నీరు ఎక్కువగా ఉంది, అటే వెళ్ళాను. ఇంకాస్త ఎక్కాక అదీ రెండయింది. అప్పటికీ నా బుర్రకి ఎక్కలేదు. ఎక్కువ నీరున్న వైపే వెళ్ళాను. మూడోసారి రెండయినప్పుడు ఆగాను. రెండు పాయలూ సమానంగా ఉన్నాయి. రెండు చేతుల్లోకీ రెండు పాయల నీళ్ళూ వస్తున్నట్టు మధ్యలో నిలబడ్డాను. నీరు ఇక్కడ విడిపోవడం లేదు. కలుస్తోంది. మా నాన్న మాట, ఆవిడ నిరూపణ, నా శాసనం, అన్నీ ఈ కొండ మీద తల్లకిందులు. పైకి పోయినకొద్దీ వంద దారులు. పైకి పోయినకొద్దీ మేమిద్దరం ఒకరికొకరం దూరమవుతాం, మనుషులకి కూడా దూరమవుతాం. మూడు చీలికలంటే ఎనిమిది పాయలు. ఆ ఎనిమిదింటిలో ఏదో ఒకదాంట్లో ఆవిడ ఉంది, నేను చెప్పాను కాబట్టి ఇంకా ఎక్కుతూనే ఉంది.

అరిచాను. పేరు పెట్టి అరిచాను, ఏమోయ్ అని అరిచాను, తిట్టి అరిచాను, ఏడుస్తూ అరిచాను. మబ్బులో అరుపు ఎంతో దూరం పోదు. నీళ్ళ చప్పుడు దాన్ని మింగేసింది. ఒక పాయలో కొంత దూరం ఎక్కి, అది కాదేమోనని దిగి, ఇంకో పాయలో ఎక్కి, మళ్ళీ దిగి, ఇలా ఎంతసేపు చేశానో తెలియదు. ఒంటరిగా ఇది అయ్యే పని కాదని అర్థమయ్యేసరికి మోకాళ్ళ నుంచి రక్తం కారుతోంది. దేవుడా, దాన్ని ఉంచు, నన్ను ఏమైనా చెయ్యి అనుకుంటూ ఊళ్ళోకి పడుతూ లేస్తూ దిగాను.

మూడు గంటలయింది. పెద్దావిడ ఒక్క కేక వేస్తే పదిహేను మంది వాకిట్లోకి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఒకాయన కత్తి నడుముకి కట్టుకుంటూ, "ఏ పక్కకి పోయింది బాబూ?" అన్నాడు.

"వాగు వెంట పైకి వెళ్ళుంటుందండి."

"పైకా? పైకి ఎందుకు పోద్ది? దారి తప్పితే గొడ్డు కూడా కిందకే దిగుద్ది. నీళ్ళెంట దిగితే ఊరొచ్చేత్తది కదా."

"లేదండి, పైకే వెళ్ళుంటుంది."

"ఎందుకని?"

అందరూ నా వైపు చూస్తున్నారు. ఒక్క వాక్యం చెబితే చాలు. నేనే చెప్పానండి, తప్పిపోతే పైకి పొమ్మని నేనే చెప్పాను. దారులు కనిపెట్టేవాణ్ణి, నలభై మందికి గురువుని, కొండలో ఏ వైపు దిగాలో తెలియక పెళ్ళాన్ని అడవిలోకి తోలేశానని ఆ కొండవాళ్ళ ముందు ఎలా చెప్పను? "ఏమోనండి, అలా అనిపిస్తోంది" అన్నాను. పెద్దాయన నా భుజం తట్టాడు. దుఃఖంలో ఉన్నవాడు ఏదో అంటాడులే అనుకున్నాడు.

వాళ్ళ అడ్డదారిన సైకిళ్ళున్న చోటికి ఎక్కి, అక్కణ్ణుంచి వాగు వెంట అందరం కిందికి వెతుకుతూ వచ్చాం. అక్కడ ఆవిడ లేదని తెలిసీ వాళ్ళతో పొదలు వెతికాను. అక్కడ ఆవిడ లేదని తెలిసీ ప్రతి మడుగులోకీ తొంగి చూశాను. వాన మొదలైంది. ఇంతకంటే నీచంగా నేను బతికిన రెండు గంటలు నా జీవితంలో లేవు. నోరు విప్పుదామని నాలుగైదుసార్లు అనుకున్నాను. గడిచిన ప్రతి పావుగంటా ఆ మాటని ఇంకా బరువు చేసింది. ఇప్పుడు చెబితే, ఇందాకే ఎందుకు చెప్పలేదంటారు కదా.

అయిదు దాటాక తిరిగి ఊళ్ళోకి వచ్చాం. మగవాళ్ళు వానకి తడిసి అరుగుల మీద కూలబడ్డారు. "ఇంకో గంటలో సీకటడిపోద్ది. సీకట్లో ఈ రాళ్ళ మీద ఎవరూ ఎక్కలేరు" అన్నాడు పెద్దాయన, నా మొహంలోకి చూడకుండా. పెద్దావిడ నాకు వేడి జావ గిన్నె ఇచ్చింది. గిన్నె పక్కన పెట్టేశాను. ఆవిడ నా ఎదుట గొంతుక్కూచుని మెల్లగా అడిగింది.

"నీకేదో తెలుసు బాబూ. చెప్పట్లేదు."

చెప్పేశాను. కాలవల సంగతి, లాకుల సంగతి, మా నాన్న సంగతి, నా వెటకారం, అన్నీ చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను కాబట్టి సగం అర్థమై ఉండదనుకున్నాను. ఆవిడకి అంతా అర్థమైంది. "మీ దేశంలో నీళ్ళు అట్టా పోతాయా?" అని ఆశ్చర్యపోయింది. తిట్టలేదు. లేచి వాకిట్లోకి వెళ్ళి అందరికీ వినపడేలా కేక వేసింది.

"లెగండి! పైకే పోయిందంట. ఈయనే పొమ్మన్నాడంట."

పదిహేను మందీ నన్ను చూశారు. రెండు గంటల ముందు ఆ చూపు భరించి ఉంటే ఏమయ్యేది అనే ఆలోచన ఇప్పటికీ నన్ను అన్నం దగ్గర పట్టుకుంటుంది. వాళ్ళు మళ్ళీ అడ్డదారిన వెళ్ళి, ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒక్కో పాయలో ఒక జట్టు చొప్పున, నేను గంటలో ఎక్కే దూరం పావుగంటలో ఎక్కారు. కూ అని ఒకరికొకరు కేకలు వేసుకుంటూ ఎక్కుతున్నారు. నేను పెద్దాయన వెనక పాకుతున్నాను. వెలుతురు బూడిద రంగుకి తిరిగింది. ఇంక చాలు దిగిపోదామని ఆయన ఏ క్షణంలో అంటాడోనని ఆయన వీపు చూస్తూ ఎక్కాను.

కుడి పక్కనుంచి రెండు కేకలు వరసగా వినపడ్డాయి. పెద్దాయన గబుక్కున తిరిగి, "దొరికింది" అన్నాడు. ఎలా దొరికిందో, ప్రాణంతో దొరికిందో లేదో ఆ కేకలో ఉండదు. ఆ రాళ్ళ మీద అడ్డంగా ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు.

ముందుకి చొచ్చుకొచ్చిన పెద్ద బండ కింద కూచుని ఉంది. కుడి కాలు చీలమండ దగ్గర తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి నోరు కదిపింది గాని మాట రాలేదు. పొద్దున్నుంచీ ఏవండీ, ఏవండీ అని అరిచి అరిచి గొంతు పోయింది. నా చొక్కా విప్పి కప్పాను. అదీ తడిదే. ఆవిడ తలని నా గుండెకి ఆనించుకుని, "కిందికి దిగిపోవచ్చు కదే, ఎందుకు ఎక్కావు" అన్నాను. మా ఇద్దరిలో ఆ ప్రశ్న అడగడానికి వీల్లేని మనిషిని నేనే.

ఆవిడ నా చెవి దగ్గర గుసగుసగా చెప్పింది. "మధ్యలో ఒకసారి మబ్బు విడిందండీ. కింద ఊరు కనపడింది. రేకులు కనపడ్డాయి, మన కారు కూడా కనపడింది. మొదటి చీలిక దగ్గరే లెక్క తిరగబడిందని తెలిసిపోయింది. దిగిపోదామనుకున్నాను. కానీ నేను దిగిపోతే మీరు పైన నా కోసం ఎక్కుతూనే ఉంటారు కదా. మాట అనుకున్నాం కదా, ఎదురు రావాలని."

వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేసి ఆవిడని దించారు. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన నడవడానికి కూడా ఆ దారిలో చోటు లేదు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి రాజమండ్రి తీసుకొచ్చాను. కాలికి రాడ్ వేశారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, నాలుగు రోజులు అటూ ఇటూగా ఉంది. ఆ నాలుగు రోజులూ ఐసీయూ బయట కుర్చీలో కూచుని, ఆవిడ లేచి కూచుంటే జరిగింది జరిగినట్టు అందరికీ చెప్పేస్తానని మొక్కుకున్నాను. డబ్బు మొక్కులు, తలనీలాల మొక్కులు నాకు చాలవనిపించింది.

అయిదో రోజు రూములోకి మార్చారు. చుట్టాలందరూ దిగారు. తణుకు నుంచి ఆవిడ అన్నయ్య వచ్చాడు. చెల్లెలంటే ప్రాణం ఆయనకి, అందుకే గట్టిగా తిట్టాడు. "లెక్కలు చెప్పే మనిషివి, ఆ మాత్రం బుర్ర ఉండక్కర్లేదా? కొండ మీద తప్పిపోయి ఇంకా పైకి పోతారటే ఎవరైనా? చిన్నపిల్లాడైనా దిగుతాడు." వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళకి దిక్కులు తెలియవని ఎవరో అన్నారు. ఆవిడ దిండు మీద తల అటు తిప్పుకుని కళ్ళు మూసుకుంది. నేను మంచం పక్కన బత్తాయి ఒలుస్తున్నాను. నా మొక్కు నాకు గుర్తుంది. ఇప్పుడే, ఈ తొన ఒలిచాక చెబుతాను అనుకున్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పలేదా బావగారూ? దారులన్నీ తెలిసిన మనిషి కదా మీరు. తప్పిపోతే కిందికి దిగాలని ముందే ఒక మాట చెప్పాల్సింది."

గదిలో అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు.

"చెప్పానండి" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు. "చెప్పారన్నయ్యా" అంది. "నేనే వినలేదు."